విల్లు కర్ర ఆరిందో లేదో ఏది చెబుతుంది? తేమ మీటర్లు, కాటా – రివ్యూ

నమస్కారం అండీ. ఒకే కర్రలోంచి విల్లు చెక్కేవాళ్ళ కోసం ఈ వీడియో. బల్ల మీద మూడు వస్తువులున్నాయి: పిన్నులున్న తేమ మీటర్, పిన్నుల్లేని తేమ మీటర్, వంటింట్లో వాడే డిజిటల్ కాటా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒక్కటే కొనగలిగితే కాటా కొనండి. ఎందుకో తెలియాలంటే కర్ర దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

చెట్టు నరకడానికి అనుమతి తీసుకున్నాక, 10 నుంచి 20 సెంటీమీటర్ల మందం ఉన్న మాను వెతకండి. రెండు మీటర్ల పొడవున ముడులూ కొమ్మలూ లేకుండా ఉండాలి. విల్లుకు 180 సెంటీమీటర్లు చాలు, మిగతా 20 ఎందుకో తర్వాత చెబుతాను. బెరడు మీద గీతలు నిటారుగా ఉంటే లోపల పీచు కూడా చాలావరకు నిటారుగానే ఉంటుంది. గీతలు మాను చుట్టూ మెలి తిరుగుతుంటే ఆ చెట్టు జోలికి వెళ్ళకండి. పక్కకి వాలి పెరిగిన చెట్టు కూడా వద్దు. దాని రెండు వైపులా చెక్క గుణం ఒకేలా ఉండదు, ఆరేటప్పుడు వంకర పోతుంది.

నరికిన రోజే చేయాల్సిన పని రెండు చివరలకీ పూత వేయడం. తెల్ల వడ్రంగి జిగురు రెండు పూతలు వేయండి. కోసిన ముఖం మీదే కాదు, పక్కలకి కూడా నాలుగైదు సెంటీమీటర్లు రానివ్వండి. పీచు పొడవునా నీరు పోయే వేగం అడ్డంగా పోయేదానికి పదీ పదిహేను రెట్లు ఉంటుంది. చివర ముందే ఎండి బిగుసుకుంటుంది, నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది, నెర్రె పడుతుంది. రేపు వేద్దాంలే అనుకుంటే ఆ నెర్రె అప్పటికే లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది.

దుంగని గుండ్రంగా వదిలేయకండి. చెక్క దాని పెరుగుదల వలయాల వెంబడి కుంచించుకునేది, నడిబొడ్డు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రటి దుంగకి ఆ తేడా తట్టుకునే దారి లేక చీలిపోతుంది. ఏటవాలు మేకులు (వెడ్జ్‌లు) దింపి రెండుగానో నాలుగుగానో మనమే చీలిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. రంపంతో కోయడం కన్నా చీల్చడమే మేలు, ఎందుకంటే చీలిక పీచు వెంటే నడుస్తుంది. బెరడు తీస్తే ఆ వైపు కూడా వెంటనే జిగురు పూయండి. రేపు విల్లు వెన్ను, అంటే లాగేవాడికి అవతలి వైపు, అయ్యేది అదే, అక్కడ సన్నటి నెర్రె కూడా పనికిరాదు. బెరడు ఉంచితే పురుగు పొడి రాలుతోందేమో చూస్తుండాలి.

హికరీ, యాష్, ఎల్మ్ లాంటి చెట్లలో బెరడు కిందున్న తెల్ల చెక్కే వెన్ను. యూ చెట్టులో తెల్ల చెక్క వెన్నుకి, చేవ (లోపలి ముదురు చెక్క) కడుపు వైపుకి, అంటే లాగేవాడి వైపుకి. ఓసేజ్ ఆరెంజ్ చెట్టులో మాత్రం సాధారణంగా తెల్ల చెక్క తీసేసి, చేవలో ఒకే వలయం వెన్ను పొడవునా దొరికేదాకా చెక్కుతారు.

ఇక పరికరాలు. పిన్ను మీటర్ రెండు పిన్నుల మధ్య విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది. పిన్ను దిగిన లోతు వరకే, అంటే కొద్ది మిల్లీమీటర్ల లోపలిదే దానికి తెలుస్తుంది. పైన 10 శాతం చూపించే బద్ద లోపల 18 ఉండొచ్చు. పైగా 30 శాతం దాటినా, 6 శాతం లోపు దిగినా దాని అంకెని నమ్మలేం. చాలా మీటర్లు డగ్లస్ ఫర్ అనే చెట్టు చెక్కకి సరిచేసి వస్తాయి, మీ చెక్కకి తగ్గ సవరణ పట్టిక పెట్టెలో ఉందో లేదో చూసుకోండి. పిన్నులు వెన్ను మీద ఎప్పుడూ గుచ్చొద్దు. వెన్ను సాగే వైపు, ఆ చిన్న రంధ్రం దగ్గరే పీచు లేవచ్చు.

పిన్నుల్లేని మీటర్ గుచ్చదు, కొంచెం లోతుగా కూడా చూస్తుంది. కానీ దాని అడుగు పూర్తిగా చదునుగా ఆనాలి. చీల్చిన బద్ద గుండ్రంగా, గరుకుగా ఉంటుంది, మధ్యలో గాలి ఉండిపోయి తక్కువ చూపిస్తుంది. చెక్క సాంద్రతను బట్టి కూడా అంకె మారుతుంది. నున్నగా చిత్రిక పట్టిన పలకలకి బాగుంటుంది, మన పనికి అంత కాదు.

కాటాకి లోపలా బయటా తేడా లేదు. బద్దలో ఎక్కడ నీరు తగ్గినా బరువులో కనిపిస్తుంది. వారానికోసారి తూచి కర్ర మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ గదికి తగ్గట్టు ఆరినట్టే. ఇక్కడ ఒక చిక్కుంది. గది గాలిలో తేమ 50 శాతం దగ్గరుంటే కర్ర 9 శాతం దగ్గర ఆగుతుంది. 80 శాతం ఉంటే 16 దగ్గరే ఆగిపోతుంది. బరువు నిలకడగా ఉంది కదా అని అప్పుడు చెక్కితే, విల్లు నారి విప్పాక కూడా వంగే ఉండిపోతుంది.

అందుకే ఈ లెక్క. ముందు బద్దని విల్లు ఆకారానికి మోటుగా దించండి, లింబ్స్ (పిడికి అటూ ఇటూ వంగే భాగాలు) 25 మిల్లీమీటర్ల మందం, పిడి 40. మందం తగ్గితే ఆరే కాలం బాగా తగ్గుతుంది. అదనంగా ఉంచిన 20 సెంటీమీటర్లలో చివరి 15 కోసి పారేయండి, చివర ఎక్కువ ఆరి ఉంటుంది కాబట్టి. దాని పక్కనే రెండు సెంటీమీటర్ల ముక్క తీసి వెంటనే తూచండి. అదే సమయంలో బద్దనీ తూచి, కోసిన చోట మళ్ళీ పూత వేయండి. ముక్కని 103 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి, బరువు ఇక తగ్గట్లేదని తేలాక తూచండి. 62 గ్రాముల ముక్క 50కి దిగిందనుకోండి, పోయిన 12ని 50తో భాగిస్తే 24 శాతం తేమ. అప్పుడు బద్ద 1,240 గ్రాములుంటే, దాన్ని 1.24తో భాగిస్తే పొడి బరువు 1,000. మనకి కావలసిన 9 శాతానికి 1,090 గ్రాములు. ఆ అంకె దగ్గర కాటా ఆగితే చెక్కడం మొదలుపెట్టొచ్చు. మధ్యలో చెక్క తీస్తే ఈ లెక్క చెల్లదు, మళ్ళీ ముక్క తీయాల్సిందే.

అంకె దిగనంటే వేడి పెట్టె వాడండి. పెట్టెలో పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి 35 నుంచి 40 డిగ్రీలు ఉంచాలి, ఎల్‌ఈడీ బల్బుతో ఆ వేడి రాదు. పైనా కిందా గాలి రంధ్రాలు ఉండాలి, బల్బు చెక్కకి తగలకూడదు. 15 శాతం కిందకి దిగని కర్రని అందులో పెట్టకండి, పైపొర బిగుసుకుని నెర్రెలు వస్తాయి. 6 శాతం కన్నా కిందికి ఆరనివ్వడమూ ప్రమాదమే, కర్ర పెళుసై లాగినప్పుడు వెన్ను పుటుక్కున తెగుతుంది.

కాటా కొనేటప్పుడు 5 కిలోల వరకూ తూచేది, ఒక్క గ్రాము తేడా చూపేది తీసుకోండి. పరీక్ష ముక్కకి మాత్రం 0.1 గ్రాము చూపే చిన్న కాటా కావాలి, 50 గ్రాముల మీద ఒక గ్రాము తప్పంటే రెండు శాతం తేమ తప్పు. బద్ద పొడవుకి అంకెలు కప్పుకుపోతాయి కాబట్టి కాటా మీద గిన్నె బోర్లించి, సున్నా చేసి, దానిమీద బద్దని మధ్యకి ఆనించి తూచండి.