వంద దాటిన వెలుతురు

వేదిక మీదున్న పెద్దలకు, ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు మిత్రులకు, వెనక వరుసలు పట్టుకున్న ఫైనలియర్ పిల్లలకు నమస్కారం. మే 16 కదా, లేజర్ గురించి మాట్లాడమన్నారు. 1960లో ఇదే రోజున థియొడర్ మైమన్ తొలి లేజర్ వెలిగించాడు, అందుకే ఇది కాంతి దినోత్సవం అయింది. లేజర్ సంగతి అంతటితో సరి. నా గోడు వేరే ఉంది.

ఆ మధ్య, కంప్యూటర్‌లో ఉత్తుత్తి కిరణాలు వదిలి లెక్కకట్టిన ఒక వీధిదీపం లెన్సు రిపోర్టు నా టేబుల్ మీదికొచ్చింది. పంపినవాళ్ల పేరు చెప్పను. మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాలు: ఎఫిషియెన్సీ 103 శాతం. ఫోన్ చేశాను. "బాబూ, ఎల్‌ఈడీ ఇచ్చింది వంద. ఆ పైన మూడు ఎక్కణ్ణుంచి తెచ్చారు?" "సాఫ్ట్‌వేరే ఇచ్చింది సార్" అన్నాడు. నవ్వకండి, అబద్ధం చెప్పలేదు పాపం.

ఫైలు తెప్పించి చూశాను. డిటెక్టర్‌ని లెన్సుకూ, పైనున్న గాజు పలకకూ మధ్య పెట్టాడు. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలకు 8. ఈ డిటెక్టర్ కిరణాన్ని ఆపదు, లెక్కపెట్టి వదిలేస్తుంది. పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి రాసుకుంది, టోల్‌గేటులాగా. లెన్సులో రిఫ్లెక్షన్ నష్టాలేమో ఆఫ్ చేసి ఉన్నాయి. లెన్సుకు అందిన వెలుతురు 95. దాని మీద 8 శాతం కలపండి.

నా బాధ 103 గురించి కాదు. దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. అదే తప్పుతో 84 కాస్తా 91 అయి కూర్చుంటే? సంతకం పెట్టి పంపేస్తాం! మన మధ్య ఎన్ని 91లు తిరుగుతున్నాయో.

ఎన్ని కిరణాలు వదలాలి అని పిల్లలు అడుగుతుంటారు. మొత్తం శాతం కోసమైతే పది లక్షలు ధారాళంగా చాలు. కానీ డిటెక్టర్‌ని అడ్డం వంద, నిలువు వంద గళ్లు చేస్తే గడికి వచ్చేవి వంద కిరణాలే, అంటే పది శాతం అటూ ఇటూ. దాన్ని సగానికి తేవాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి. డిటెక్టర్ బొమ్మలో రంగుల మచ్చలు చూసి లెన్సుకు వంక పెట్టకండి.

అసలు మాటకొస్తాను. విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక ఈ ఊళ్లో ఎల్‌ఈడీ వీధిదీపాలు పెట్టారు. దీపం కింద నడిచేవాడికి కావలసింది రోడ్డు మీద పడే వెలుతురు. లెన్సు బయటికొచ్చిందంతా కలిపితే, మేడ మీద గదిలో మనిషికి నిద్రపట్టనివ్వని వెలుతురు కూడా ఎఫిషియెన్సీలోకే చేరుతుంది. అయ్యా, దేన్ని దేనితో భాగించారో రాయండి! ఎల్‌ఈడీ డేటాషీటు ల్యూమెన్లతోనా, వేడెక్కాక మిగిలిన వాటితోనా? రాయరు. ఎన్నిసార్లు చెప్పినా రాయరు.

చైర్మన్ గారు గడియారం చూస్తున్నారు, ఒక్క మాట. ఈ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ జీమాక్స్ కిరణాలు వదిలాక కింద రెండు అంకెలు చూపిస్తుంది: మరీ బలహీనపడ్డాయని మధ్యలో వదిలేసిన శక్తి ఒకటి, జ్యామితి తప్పుల వల్ల పోయింది ఇంకొకటి. వాటిని ఎవరూ చూడరు. ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు రోడ్డుకు ఎంత, ఆకాశానికి ఎంత, ప్లాస్టిక్ మింగింది ఎంత, ఈ రెండు అంకెలు ఎంత, అన్నీ కూడండి. వంద వచ్చినవాళ్లు ఫైలు పట్టుకుని భోజనాల దగ్గర కనిపించండి. రానివాళ్లు తప్పకుండా కనిపించండి.