లాజిక్ ఎక్కడ ఉండాలి: జెల్లీ ట్యాగుల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఎక్స్‌ఎంఎల్ అంటే కోణపు బ్రాకెట్ల మధ్య పేర్లు, అంటే ట్యాగులు, పెట్టి సమాచారం రాసే పద్ధతి. అలాంటి ఫైల్లో రాసిన ట్యాగులను ప్రోగ్రాములా నడిపించే జావా లైబ్రరీ జెల్లీ. జేమ్స్ స్ట్రాకన్ 2002 ప్రాంతంలో మొదలుపెట్టారు, అపాచీ కామన్స్ అనే ఓపెన్‌సోర్స్ జావా లైబ్రరీల గూటిలో పెరిగింది. ఈ రోజు కొత్తగా ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకు దీన్నే ఎంచుకోండని చెప్పను. కానీ సాఫ్ట్‌వేర్ బిల్డులను ఆటోమేట్ చేసే జెన్‌కిన్స్‌కు ప్లగిన్ (అదనపు భాగం) రాసేవాళ్లకూ, కంపెనీల ఐటీ పనులు నడిపే సర్వీస్‌నౌలో పాత యూఐ పేజీలు చూసుకునేవాళ్లకూ జెల్లీ ఎదురుపడక మానదు. ఎదురుపడినప్పుడు చాలామంది దాన్ని హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్, అంటే ఖాళీలు నింపే వెబ్ పేజీ నమూనా, అనుకుని పని కానిచ్చేస్తారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. అందుకే ముందు అది లోపల ఎలా నడుస్తుందో చూద్దాం.

ముందు పార్సర్ ఫైలును చదివి భాగాలుగా విడదీస్తుంది. ప్రతి ఎలిమెంటుకూ (ట్యాగూ దాని మధ్యలోని భాగమూ కలిపి) అది ఏ కుటుంబానికి చెందిందో చెప్పే నేమ్‌స్పేస్ ఒకటి ఉంటుంది, ఆ నేమ్‌స్పేస్‌ను బట్టి ఏ ట్యాగ్ లైబ్రరీని పిలవాలో జెల్లీ తేల్చుకుంటుంది. 'జెల్లీ:కోర్' అని రాస్తే సెట్, ఇఫ్, ఫర్‌ఈచ్, చూజ్ లాంటి మూల ట్యాగులు దొరుకుతాయి. ఒక్కో ట్యాగు వెనక ఒక్కో జావా క్లాసు ఉంటుంది. ట్యాగులో మీరు రాసిన ఆట్రిబ్యూట్లు (పేరు-విలువ జతలు) ఆ క్లాసులో విలువలు అందుకునే సెట్టర్ మెథడ్లకు వెళతాయి, ఆ తర్వాత డూట్యాగ్ అనే మెథడ్ నడుస్తుంది. ట్యాగు మధ్యలో ఉన్న భాగాన్ని నడపాలా వద్దా, నడిపితే ఎన్నిసార్లు అన్నది ఆ మెథడే నిర్ణయిస్తుంది. ఇఫ్ అయినా ఫర్‌ఈచ్ అయినా లోపల ఇంతే. భాషలో విడిగా పుట్టిన వ్యాకరణమేమీ లేదు, అన్నీ మామూలు క్లాసులే.

నాకు జెల్లీలో బాగా నచ్చేది ఇదే. మీ రంగానికి కావలసిన పదాలను మీరే తయారుచేసుకోవచ్చు. జెన్‌కిన్స్‌ను చూడండి. ఒక క్లాసుకు సెట్టింగుల పేజీ కావాలంటే, రిసోర్సుల్లో ఆ క్లాసు పేరుతోనే ఉన్న ఫోల్డరులో కాన్ఫిగ్ జెల్లీ ఫైలు పెడితే చాలు. అందులో ఎంట్రీ, టెక్స్ట్‌బాక్స్ లాంటి ఫారం ట్యాగులు నాలుగైదు వరుసలు రాస్తే పేజీ సిద్ధమవుతుంది. లేబులు, సహాయం గుర్తు, తప్పు విలువ ఇస్తే వచ్చే హెచ్చరిక, అన్నీ ఆ ట్యాగుల వెనక ఉన్నవాళ్లు చూసుకుంటారు. సొంత ట్యాగు కావాలంటే ఒక ఫోల్డరులో ట్యాగ్‌లిబ్ అనే ఖాళీ ఫైలు పెట్టి, పక్కన మీ ట్యాగు పేరుతో జెల్లీ ఫైలు రాస్తే సరిపోతుంది. ఆ ఫైలు చదివినవాళ్లకు పేజీలో ఏముందో వెంటనే అర్థమవుతుంది. ఎక్స్‌ఎంఎల్ బలం ఇక్కడ ఉంది: ఏముందో వర్ణించడంలో.

ఎలా చేయాలో చెప్పబోయేసరికి కథ మారుతుంది. రెండు షరతులు కలిపి రాయాలనుకోండి. జావాలో అందుకు వాడే ఆంపర్‌శాండ్ (&) గుర్తును ఎక్స్‌ఎంఎల్‌లో నేరుగా రాయకూడదు. 'కంటే తక్కువ' గుర్తును ఆట్రిబ్యూట్ విలువలో రాయకూడదు. జెల్లీ వాడే జెక్సెల్ ఎక్స్‌ప్రెషన్ భాషలో వాటికి బదులు అక్షరాలతో రాసే ఆపరేటర్లు ఉన్నాయి కాబట్టి గండం గడుస్తుంది. కానీ 'లేకపోతే' అనాలంటే చూజ్, దాని లోపల వెన్, ఆ కింద అదర్‌వైజ్ రావాలి. జావాలో నాలుగు వరుసల షరతు ఇక్కడ పది వరుసలు దాటుతుంది. మూడు పొరలు లోపలికి వెళ్లాక ఏ ట్యాగు ఎక్కడ మూసుకుందో కంటికి ఆనదు.

ఈ అనుభవం జెల్లీ ఒక్కదానిది కాదు. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వరును బిల్డ్ చేయడానికి, ఎక్స్‌ఎంఎల్‌లో ఆదేశాలు రాసే యాంట్ అనే పరికరాన్ని సృష్టించిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్, ఇప్పుడైతే అసలైన స్క్రిప్టింగ్ భాషనే వాడటానికి ప్రయత్నించేవాణ్నని తర్వాత రాశారు. మరో బిల్డ్ పరికరం మావెన్ మొదటి తరంలో ప్లగిన్లను జెల్లీలో రాసేవారు. 2005లో వచ్చిన మావెన్ 2 ఆ పద్ధతిని వదిలేసి ప్లగిన్లను జావా వైపు మళ్లించింది. ప్రాజెక్టు వర్ణన మాత్రం ఎక్స్‌ఎంఎల్‌లోనే మిగిలింది. సరైన విభజన అదేనని నా అభిప్రాయం. జెల్లీ మొదలుపెట్టిన స్ట్రాకన్ కూడా 2003లో గ్రూవీ అనే పూర్తిస్థాయి భాష వైపు వెళ్లారు.

కాబట్టి ట్యాగులకు వర్ణన అప్పగించండి, నిర్ణయాలను క్లాసులో ఉంచండి. ఇఫ్ లోపల ఇంకో ఇఫ్ కనిపిస్తే, ఆ లెక్కను జావాలో ఒక గెటర్‌గా (విలువను తిరిగిచ్చే మెథడ్‌గా) రాసి ఫలితాన్ని మాత్రం స్క్రిప్టుకు ఇవ్వండి. దానికి యూనిట్ టెస్టు రాయొచ్చు, డీబగ్గర్‌లో ఆపి చూడొచ్చు. స్క్రిప్టు ఆట్రిబ్యూట్లలో ఇరుక్కున్న షరతుకు ఆ రెండు సౌకర్యాలూ దక్కవు.

డీబగ్గింగ్ మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు. ప్రాపర్టీ పేరులో ఒక అక్షరం తప్పు పడితే జెల్లీ అరిచి గోల చేయకపోవచ్చు. విలువ నల్ అవుతుంది, పేజీలో ఆ చోటు ఖాళీగా వస్తుంది. రెండోది ఇంకా తికమక పెడుతుంది. జెల్లీకి తెలియని నేమ్‌స్పేస్‌లో ఉన్న ట్యాగు దాని దృష్టిలో మామూలు పాఠ్యం, అందుకే ఉన్నదున్నట్టుగా అవుట్‌పుట్‌లోకి పంపేస్తుంది. ఒక ట్యాగు ఏ పనీ చేయకుండా పేజీ సోర్సులో అలాగే కనిపిస్తుంటే, లాజిక్ వెతికేముందు పైన నేమ్‌స్పేస్ డిక్లరేషన్ చూడండి. ఎర్రర్ నిజంగా పడ్డప్పుడు మాత్రం ఫైలు పేరు, వరుస, కాలమ్, ఎలిమెంటు పేరు ఎక్సెప్షన్‌లో దొరుకుతాయి. లాగ్ పూర్తిగా చదవండి.

భద్రత గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. జెల్లీ స్క్రిప్టు డేటా కాదు, ప్రోగ్రాము. అందులోంచి జావా ఆబ్జెక్టులు సృష్టించవచ్చు, మెథడ్లు పిలవచ్చు. యూజరు పంపిన పాఠ్యాన్ని స్క్రిప్టుగా నడపడమంటే మీ సర్వరును అతనికి అప్పగించడమే. 2017లో బయటపడిన లోపం ఇంకా ముందు దశలోనిది: ఫైలు మొదట్లోని డాక్‌టైప్‌లో బయటి చిరునామాతో ఎంటిటీ (పాఠ్యానికి పెట్టే మారుపేరు) పెట్టి ఫైల్లో వాడితే, స్క్రిప్టు నడవకముందే, పార్స్ చేసేటప్పుడే లైబ్రరీ ఆ చిరునామాకు కనెక్ట్ అవ్వబోయేది. 1.0.1 వెర్షన్ దీన్ని సరిచేసింది. అపాచీ జెల్లీని నేరుగా వాడుతున్న పాత ప్రాజెక్టు మీ చేతిలో ఉంటే ముందు వెర్షన్ చూడండి. జెన్‌కిన్స్ సొంతంగా మార్చుకున్న ప్రతిని వాడుతుంది. అక్కడ ప్రతి ఫైలు మొదట్లో 'ఎస్కేప్-బై-డిఫాల్ట్' సూచన తప్పనిసరిగా ఉండాలి. ఎస్కేప్ అంటే విలువలోని ప్రత్యేక గుర్తులను కోడుగా కాక మామూలు అక్షరాలుగా చూపడం. పాత జెన్‌కిన్స్ వెర్షన్లలో ఆ సూచన లేకపోతే యూజరు ఇచ్చిన పేరులోని స్క్రిప్టు పేజీలో నడిచేది. ఆ సూచన ఉన్నా 'అవుట్' ట్యాగుతో రాసిన విలువ ఎస్కేప్ కాకుండానే వెళుతుంది. కోడ్ రివ్యూలో ఆ ట్యాగు కనబడ్డ ప్రతిసారీ విలువ ఎక్కడినుంచి వస్తోందో అడగండి.

మీ సొంత అప్లికేషన్లో జెల్లీ ఇమిడి ఉంటే, స్క్రిప్టును ఒకసారి కంపైల్ చేసి దాచుకుని, నడిపిన ప్రతిసారీ కొత్త కాంటెక్స్ట్ ఇవ్వండి. వేరియబుళ్లన్నీ కాంటెక్స్ట్‌లోనే ఉంటాయి కనుక ఒక రన్ విలువలు ఇంకోదానిలో కలవవు. పాత స్క్రిప్టులను మార్చాలనుకునేవాళ్లు అన్నీ ఒకేసారి ముట్టుకోవద్దు. ముందు ప్రతి స్క్రిప్టు అవుట్‌పుట్‌ను స్ట్రింగ్‌లోకి తీసి ఫైళ్లలో భద్రపరచండి. ఆ తర్వాత షరతులను ఒక్కొక్కటిగా క్లాసులోకి తరలిస్తూ, ప్రతి మార్పు తర్వాతా పాత అవుట్‌పుట్‌తో పోల్చండి. తేడా వస్తే, అప్పుడే చేసిన ఆ ఒక్క మార్పును చూస్తే చాలు.