గద్దను పట్టుకోవడం తేలిక, వదలడమే కష్టం

అందరికీ నమస్కారం. గాయపడ్డ పక్షులనూ జంతువులనూ కాపాడే పని నేర్చుకోవడానికి ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, పర్వాలేదు.

సంక్రాంతి దగ్గరికొచ్చింది. హైదరాబాద్‌లో పతంగుల సీజన్ మనకు సరదా, పక్షులకు గండం. నైలాన్ మాంజాను, గాజుపొడి పూసిన సింథటిక్ దారాన్ని 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది. ఎక్కడ దొరుకుతుందో నాకన్నా మీ ఇళ్లలోని తమ్ముళ్లకే బాగా తెలుసు. నూలు దారం ఎండకూ వానకూ చివికి తెగిపోతుంది. నైలాన్ చివకదు. ఈ ఏడాది చెట్టుకు చిక్కుకున్న దారం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

ఈ విషయంలో గుజరాత్ వాళ్లను చూసి నేర్చుకోవాలి. అక్కడ ఉత్తరాయణ్ అంటే ఊరంతా మిద్దెల మీదే ఉంటుంది. 2017 నుంచి ఏటా జనవరిలో కరుణా అభియాన్ పేరుతో అటవీ శాఖ, పశువైద్యులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి గాయపడ్డ పక్షుల కోసం పనిచేస్తున్నాయి. వాళ్లు జనానికి చెప్పే మాట చాలా చిన్నది. తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా పతంగులు ఎగరేయొద్దు, ఎందుకంటే పక్షులు గూడు వదిలేదీ, గూటికి చేరేదీ అప్పుడే. పండుగ మానమనడం లేదు, ఆ రెండు వేళలు వదిలేయమంటున్నారు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ ఒక్క ముక్క పెట్టినా చాలు.

సరే, ఫోన్ వచ్చింది, వెళ్లారు. వేపచెట్టు కొమ్మకు గద్ద ఒక రెక్క మీద వేలాడుతోంది. కింద జనం. ఎవరో ఒకరు దారం పట్టుకుని కిందికి లాగుతూనే ఉంటారు. ముందు ఆ చెయ్యి ఆపించండి. గద్ద రెక్క ముందు అంచున, భుజానికీ మణికట్టుకీ మధ్య, పలుచని తోలు సాగి ఉంటుంది. ఎగరడానికి ఆ తోలే ఆధారం. మాంజా ఎక్కువగా కోసేది దాన్నే. దారం లాగిన కొద్దీ కోత ఎముక దాకా దిగుతుంది. కాబట్టి దారాన్ని కొమ్మ వైపు ఒకచోట, పక్షికి జానెడు దూరంలో ఒకచోట కత్తిరించండి. గాయంలో ఉన్న ముక్క జోలికి పోకండి. దాన్ని డాక్టర్ తీస్తారు.

కిందికి దించాక తువ్వాలు తల మీదుగా కప్పండి. కళ్లకు చీకటైతే పక్షి చాలావరకు సద్దుమణుగుతుంది. రెక్కలు ఒంటికి ఆనించి రెండు చేతులతో పట్టుకోండి. కొత్తవాళ్లు ముక్కును చూసి భయపడతారు గానీ అసలు జాగ్రత్త కాలిగోళ్ల దగ్గర. ఛాతీ మాత్రం నొక్కకండి. పక్షికి ఊపిరి ఆడాలంటే ఛాతీ ఎముక పైకీ కిందికీ కదలాలి. గట్టిగా పట్టుకుంటే మన చేతుల్లోనే పోతుంది. తర్వాత అట్టపెట్టె. ఇనప పంజరం వద్దు, కొట్టుకుంటే ఈకలు విరిగిపోతాయి. పెట్టెకు గాలి కోసం రంధ్రాలు, అడుగున పాత గుడ్డ, మూత మూసి చీకటిగా ఉంచడం, అంతే.

ఇక నీళ్లు. ఎక్కడికెళ్లినా ఇదే. నేను చేరేసరికే ఎవరో ఒకరు స్పూనుతో పక్షి నోట్లో నీళ్లు పోస్తుంటారు. పక్షి నాలుక వెనకే శ్వాసనాళం రంధ్రం ఉంటుంది. పోసిన నీళ్లు సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క తెగినా బతకాల్సిన పక్షి, దాహం తీర్చబోయినవాళ్ల చేతిలో చస్తుంది. మాంజా కన్నా మంచితనంతోనే నాకు ఎక్కువ టెన్షన్ అని ఊరికే అనడం లేదు. పాలు అసలే వద్దు. పాలను అరిగించుకునే ఏర్పాటు పక్షి కడుపులో లేదు.

పిల్లల సంగతికొద్దాం. ఎండాకాలం వస్తే మాకు వచ్చే ఫోన్లలో మాంజా ఉండదు, పిల్లలే ఉంటాయి. గోరువంక పిల్ల కింద పడిందంటారు, ఉడుత పిల్లలు దొరికాయంటారు. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల అనాథ కాదు. అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లీతండ్రీ పక్క చెట్టు మీద నుంచి అరుస్తూనే ఉంటాయి, మనమే వినం. కుక్కా పిల్లీ లేని చోట పొద మీదో కొమ్మ మీదో పెట్టి, దూరంగా వచ్చేసి కాపు కాయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ రానివ్వదని మన అమ్మమ్మలు చెప్పారు. అది నిజం కాదు. ఎత్తుకొచ్చి పెంచితేనే అది నిజంగా అనాథ అవుతుంది.

ఉడుత పిల్లలదీ అదే కథ. చెట్టు కొట్టేసినప్పుడు గూడు రాలుతుంది. పిల్లలను చిన్న బుట్టలో పెట్టి, పక్క చెట్టు మొదట్లో ఉంచి, మనుషులు తప్పుకుంటే తల్లి వచ్చి మెడ దగ్గర కరుచుకుని ఒక్కొక్కదాన్నీ తీసుకుపోతుంది. చీకటిపడినా రాకపోతే అప్పుడే మన పని. ముందు ఒంటికి వెచ్చదనం, ఆ తర్వాతే ఆహారం. చల్లబడిన పిల్లకు పాలు పట్టిస్తే అరగవు. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఏం పట్టాలో డాక్టరే చెప్పాలి. ఇంకొకటి ఎవరూ చెప్పరు. కళ్లు తెరవని ఉడుత పిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేదు గనక గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మనం మెల్లగా అద్దాలి, పాలు పట్టిన ప్రతిసారీ, రాత్రి పూట కూడా. వన్యప్రాణి సేవ అని ఇన్‌స్టాలో కనిపించేది వేరు, తెల్లవారుజామున లేచి దూది తడపడం వేరు. ఇది చేయగలం అనుకున్నవాళ్లే చేయెత్తండి.

ఇప్పుడు అసలు విషయం. కాపాడిన జంతువు మనకు మచ్చిక అయితే మన పని చెడినట్టే. కెన్యాలో డాఫ్నీ షెల్డ్రిక్ అని ఒకావిడ ఉండేవారు. తల్లి పోయిన ఏనుగు పిల్లకు ఆవుపాల కొవ్వు పడక చచ్చిపోతుంటే, కొబ్బరినూనెతో పాల మిశ్రమం తయారుచేసి బతికించే దారి కనిపెట్టారు. ఐషా అనే పిల్ల ఏనుగును ఆవిడే పెంచారు. కూతురి పెళ్లికని కొన్నాళ్లు వెళ్తే, ఆవిడ మీద బెంగ పెట్టుకుని ఐషా తిండి మానేసి చనిపోయింది. అప్పటి నుంచి అక్కడ ఒక పిల్లకు ఒకే మనిషి అన్న పద్ధతి లేదు. సంరక్షకులు వంతులవారీగా మారుతూ ఉంటారు. ఏనుగుకు తోడు కావాలి, కానీ ఆ తోడు ఒక్క మనిషే కాకూడదు. మన దగ్గర డ్యూటీలు మార్చేదీ, పక్షులకు పేర్లు పెట్టొద్దనేదీ ఇందుకే. నన్ను రాతిగుండె అని తిట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, తిట్టుకోండి.

మన దేశంలో ఈ పని ఎంత దూరం పోగలదో చూడాలంటే కాజిరంగా వెళ్లాలి. 2002లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అస్సాం అటవీ శాఖ కలిసి అక్కడ పునరావాస కేంద్రం పెట్టాయి. బ్రహ్మపుత్ర వరదల్లో తల్లి నుంచి తప్పిపోయిన ఖడ్గమృగం పిల్లలు అక్కడికి వస్తాయి. వాటిని పెంచి 2006 నుంచి అస్సాంలోనే ఉన్న మానస్ అడవికి పంపుతున్నారు. మానస్‌లో బోడో ఉద్యమ గొడవల కాలంలో వేటగాళ్లు ఖడ్గమృగమన్నదే లేకుండా చేశారు. ఇలా సీసాపాలు తాగి పెరిగిన ఆడ ఖడ్గమృగాలు అక్కడ మళ్లీ పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లలకు సీసా అంటే ఏమిటో తెలియదు.

మనకు ఖడ్గమృగాలు లేవు, పాలపిట్టలున్నాయి. దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదని పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లను చూసే ఉంటారు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది! జిగురు పెట్టి పడతారు, ఎగిరిపోకుండా ఈకలు కత్తిరిస్తారు. కత్తిరించిన ఈక జుట్టులా పెరగదు. ఆ మోడు రాలిపోతేనే కొత్తది మొలుస్తుంది, అందుకు నెలలు పడుతుంది. కొన్నిచోట్ల రాలిన పాత ఈకలను సన్నని పుల్లతో, జిగురుతో అతికిస్తారు. చూడటానికి టైలర్ పనిలా ఉంటుంది గానీ పక్షి నిజంగానే ఎగురుతుంది. అయితే ఎగిరినంత మాత్రాన వదిలేయలేం. పాలపిట్ట కొమ్మ మీద నుంచి నేల మీది మిడతను చూసి, దిగి, పట్టుకోవాలి. గిన్నెలో పెట్టింది తినే పిట్ట ఇంకా తయారు కాలేదు. పండుగ రోజు పట్టుకున్న పక్షిని మర్నాడే ఫోటో కోసం గాల్లోకి విసిరేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అన్నీ తిరిగి అడవికి పోవు. ఆగ్రాలో ఒకప్పటి ఆట ఎలుగుబంట్ల కేంద్రం ఉంది. పళ్లు విరగ్గొట్టి, ముక్కుకు తాడు కుట్టి ఆడించినవి. వాటిని ఎక్కడికి వదులుతాం? చచ్చేదాకా అక్కడే చూసుకుంటున్నారు. కానీ కీలు దగ్గర ఎముక నుజ్జయి, బయటపడ్డ ఎముక ఎండిపోయిన గద్దను డాక్టర్ శాశ్వతంగా నిద్రపుచ్చుదామంటే అడ్డుపడకండి. ఆకాశంలో గంటలకొద్దీ తిరగాల్సినదాన్ని ఒంటిరెక్కతో బోనులో ఏళ్ల తరబడి ఉంచడం దయ అని నేననుకోను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి చిక్కితే 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌లోనో అధీకృత అధికారికో తెలపాలి. రామచిలుక ఇంట్లో ముద్దుగా మాట్లాడుతోందన్నా నేరం నేరమే. పాములకు మీరెవరూ చెయ్యి పెట్టకండి. శిక్షణ ఉన్నవాళ్లు వచ్చేదాకా దూరం నుంచి దాని మీద ఒక కన్నేసి ఉంచడమే మీ పని. కుక్కలు తరిమిన జింక దొరికితే చుట్టూ మూగకండి. గాయం చిన్నదైనా భయానికీ పరుగుకీ కండరాలు దెబ్బతిని రెండుమూడు రోజుల తర్వాత కూడా చనిపోతుంది. కళ్లకు గుడ్డ కట్టి, నోళ్లు మూసుకుని, ఫోన్లు జేబులో పెట్టుకుని నిలబడండి.

డ్యూటీ చార్టు గోడ మీద ఉంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులకీ పేర్లు నిండిపోయాయి, సంతోషం. కనుమ తర్వాతి రోజుకు మాత్రం నాలుగే పేర్లున్నాయి. ఆ రోజు పక్షులను పట్టడం ఉండదు. పార్కుల్లో, చెరువు గట్ల మీద, కరెంటు తీగలు లేని చెట్ల నుంచి దారాలు దించి, ముక్కలు చేసి, సంచుల్లో కట్టాలి. ఫిబ్రవరిలో వచ్చే గద్దలన్నీ ఈ మిగిలిపోయిన దారాలకు చిక్కినవే. ఇంట్లో మామిడికాయలు కోసే దోటి ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మా దగ్గర రెండే ఉన్నాయి. చేతులకు మందపాటి గ్లవుజులు మర్చిపోకండి. టిఫిన్ మాదే.