పరీక్షకు ముందు గోధుమ మానొద్దు: సీలియాక్ వ్యాధిపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదంటే చాలామంది మాత్ర మారుస్తారు, లేదంటే మోతాదు పెంచుతారు. కానీ లోపం మాత్రలో కాక, దాన్ని ఒంటికి పట్టించాల్సిన చిన్నపేగులో ఉండొచ్చు. పెద్దవాళ్లలో సీలియాక్ తరచూ ఇలాగే బయటపడుతుంది.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా విడగొట్టలేవు. ఎవరి పేగులోనైనా కొన్ని ముక్కలు మిగులుతాయి, చాలామందికి వాటివల్ల ఏ హానీ ఉండదు. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువులున్న కొందరిలో మాత్రం రోగనిరోధక కణాలు ఆ ముక్కలను శత్రువులుగా చూస్తాయి. ఆ దాడి గ్లూటెన్‌తో ఆగక పేగు గోడ మీదే పడుతుంది. అందుకే దీన్ని అలర్జీ అనకూడదు, ఇది ఆటోఇమ్యూన్ జబ్బు. ఆ జన్యువులు సుమారు 30-40 శాతం మందిలో ఉన్నా, జబ్బు వచ్చేది దాదాపు 1 శాతానికే. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. రెండూ లేవని తేలితే మాత్రం సీలియాక్ దాదాపు లేనట్టే.

పేగు లోపలి గోడ మీద తువ్వాలు పోగుల్లా లేచి ఉండే చూషకాలు ఈ దాడికి పొట్టిబడి చదునైపోతాయి. ఐరన్, కాల్షియం ప్రధానంగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదట్లో, ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. రక్తహీనత, ఎముకలు గుల్లబారడం అందుకే వస్తాయి. విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం అందరికీ తెలిసిన లక్షణాలు. మలబద్ధకంతో వచ్చేవాళ్లూ ఉన్నారు, బరువు ఎక్కువున్నవాళ్లూ ఉన్నారు. పిల్లలు ఎత్తు పెరగకపోవడం, యుక్తవయసు ఆలస్యం కావడం, పళ్ల ఎనామెల్ లోపాలు, మాటిమాటికీ నోటిపూత, మోచేతుల మీద, మోకాళ్ల మీద విపరీతంగా దురద పెట్టే నీటిపొక్కులు, కారణం తెలియని గర్భస్రావాలు, అరికాళ్ల తిమ్మిర్లు... వీటి వెనకా సీలియాక్ ఉండొచ్చు. వైద్యం లేకుండా ఏళ్లు గడిస్తే, అరుదుగానే అయినా, చిన్నపేగు లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు ఉంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అనుమానం రాగానే చాలామంది గోధుమ మానేసి, కాస్త తేరుకున్నాక పరీక్షకు వెళ్తారు. అప్పటికి యాంటీబాడీలు తగ్గి, పేగు మానడం మొదలై, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. నిజం తేలాలంటే మళ్లీ వారాల తరబడి గ్లూటెన్ తినాలి, ఆ బాధంతా మళ్లీ పడాలి. కాబట్టి దయచేసి మామూలుగా తింటూనే ఆ యాంటీబాడీలను చూసే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష చేయించండి. దాంతోపాటు రక్తంలో ఐజీఏ అనే రకం యాంటీబాడీ మొత్తం ఎంతుందో కూడా చూడాలి. అది పుట్టుకతోనే తక్కువగా ఉంటే, జబ్బున్నా టీటీజీ నెగెటివ్‌గా రావచ్చు. పెద్దవాళ్లలో సాధారణంగా ఎండోస్కోపీ చేసి నిర్ధారిస్తారు. పేగును అక్కడక్కడా దెబ్బతీసే జబ్బు గనుక, పరీక్షకు పేగు నుంచి తీసే బయాప్సీ ముక్క ఒక్కటి చాలదు. చిన్నపేగు మొదట్లోని డియోడినం రెండో భాగం నుంచి కనీసం నాలుగు, మొదటి భాగం నుంచి ఒకటి రెండు తీయాలి.

నిర్ధారణ అయ్యాక మందు ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చాలు, కొన్ని నెలల్లో పేగు దెబ్బతినడానికి. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది, అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు చాలన్నమాట. ఇంట్లో మిగతావాళ్ల బ్రెడ్ కాల్చే టోస్టరు, పిండి కలిపిన గిన్నె, ఒకే నూనె మూకుడు, వీటి ద్వారానే అంత చేరిపోగలదు. టోస్టరు, జల్లెడ విడిగా పెట్టుకోవాలి. మాల్ట్ అంటే సాధారణంగా బార్లీ, కాబట్టి అదీ పనికిరాదు. గోధుమ లేదని లేబుల్ మీద రాసినంత మాత్రాన గ్లూటెన్ లేనట్టు కాదు, గ్లూటెన్ 20 పీపీఎం, అంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఓట్స్ చాలామందికి పడతాయి గానీ, గోధుమ కలవకుండా తయారైనవే తినాలి.

వారాల్లోనే కడుపు కుదుటపడుతుంది. పెద్దవాళ్లలో చూషకాలు మళ్లీ పెరగడానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. 6, 12 నెలలకు టీటీజీ చూసుకోవాలి, ఎముకల సాంద్రత స్కాన్ గురించి డాక్టరును అడగాలి. జబ్బున్నవాళ్ల తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించండి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా, ఆ జన్యువులున్నవాళ్లలో తర్వాత ఎప్పుడైనా మొదలుకావచ్చు. ఏ లక్షణం కనబడినా మళ్లీ చేయించాలి.