తాళం వేసిన ఇంటికి కాపలా కెమెరా

శ్రోతలకు నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్లి స్థిరపడినవాళ్లలో చాలామందికి ఊళ్లో తాతల నాటి ఇల్లో, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలో కట్టుకున్న రెండు గదులో, మైపాడు, కొత్తపట్నం వంటి తీరగ్రామాల్లో సెలవులకు వచ్చిపోవడానికి వేసుకున్న చిన్న ఇల్లో ఉంటుంది. సంక్రాంతికి తలుపులు తెరిచి, మళ్లీ వేసవి దాకా తాళం వేసి ఉంచే ఇటువంటి ఇళ్లను దూరం నుంచి కనిపెట్టుకొని ఉండడానికి ఆరుబయట ఎటువంటి కెమెరాలు పెట్టుకోవాలన్నది ఈనాటి ప్రసంగ విషయం.

మైపాడు వెళ్లే దారిలో, సముద్రానికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో మాకూ ఒక ఇల్లు ఉంది. అక్కడ మొదటి కెమెరా పెట్టినప్పుడు, ఎంత ఎక్కువ స్థలం కనిపిస్తే అంత మంచిదని నమ్మి, డాబా పిట్టగోడ కింద పన్నెండు అడుగుల ఎత్తున బిగించాను. గేటు, బావి, ప్రహరీ మూలలు అన్నీ ఫోనులో కనిపించేవి. ఒక నవంబరు రాత్రి ఎవరో గోడ దూకి వచ్చి బోరు మోటారుకు వెళ్లే కేబులు కోసుకుపోయారు. మనిషి వచ్చిన దారి, పోయిన దారి, ఎంతసేపు ఉన్నాడన్నది అంతా రికార్డయింది. కాని తలకు చుట్టిన తువ్వాలు కింద ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మసక తప్ప ఇంకేమీ లేదు. ఫిర్యాదు చేయడానికి వెళ్లి ఆ వీడియో చూపిస్తే, ఇందులో ఎవరిని గుర్తుపట్టమంటారని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది. కెమెరా చిత్రం పిక్సెళ్లనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ముక్కూముఖం తెలియని మనిషిని చిత్రం చూసి ఫలానావాడని నిర్ధారించాలంటే, ఆ మనిషి నిలబడిన చోట అడ్డంగా ఒక్కో మీటరుకు 250 పిక్సెళ్లు ఉండాలని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం 2014 నాటి కూర్పు చెప్పింది. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. అక్కడెవరో ఉన్నారని తెలియడానికి 25 సరిపోతాయి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరాకు, అంటే మొత్తం ఇరవై లక్షల చుక్కలున్నదానికి, అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. వాటిని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటి ముఖం నిలవదని తేలుతుంది. మామూలుగా దుకాణంలో చేతికిచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు వంద డిగ్రీలకు పైగా విప్పారి చూస్తుంది కనుక, దానికి మూడు మీటర్ల దూరంలోనే ఆ వెడల్పు నిండిపోతుంది. నాలుగు మెగాపిక్సెళ్లకు పెంచినా ఆ దూరం నాలుగు మీటర్లకు మించదు. అదే రెండు మెగాపిక్సెళ్ల కెమెరాకు తక్కువ వెడల్పు చూసే 6 మిల్లీమీటర్ల ఇరుకు లెన్సు ఉంటే ఎనిమిది మీటర్ల దూరంలోని ముఖం కూడా దక్కుతుంది. ఇదంతా మంచి వెలుతురులో మాట; చీకట్లో ఇంకా తగ్గుతుంది.

అందువల్ల మెగాపిక్సెళ్ల సంఖ్య కంటే ముందు లెన్సు గురించి అడగమని నా మనవి. ఆవరణ అంతా చూడడానికి వెడల్పు లెన్సు కెమెరా ఒకటి పెట్టుకొని, మనిషి తప్పనిసరిగా దాటవలసిన చోటును, అంటే గేటునో వంటింటి వెనక తలుపునో, ఇరుకు లెన్సుతో ఏడెనిమిది అడుగుల ఎత్తు నుంచి చూసే రెండో కెమెరా పెట్టుకోవాలి. అంతకంటే ఎత్తున పెడితే తలపాగాలు, టోపీలు కనిపిస్తాయి. పొద్దు పొడిచే వైపుకో, కుంకే వైపుకో తిరిగి ఉన్న కెమెరాకు ఆ వేళల్లో ఎదుట నిలబడిన మనిషి నల్లటి నీడగా మాత్రమే కనిపిస్తాడన్నది కూడా చోటు ఎంచుకునేటప్పుడు చూసుకోవాలి.

ఇక కరెంటు సంగతి. ఊరికి బయలుదేరేటప్పుడు మెయిను ఆపివేయడం మన ఇళ్లలో అలవాటు. అలా ఆపేవాళ్లు సోలారు పలకతో, బ్యాటరీతో పనిచేసే కెమెరాల వైపు చూస్తారు. అవి చాలావరకు నిద్రలో ఉండి, ఎదుట కదలిక కలిగినప్పుడు మాత్రమే మేల్కొంటాయి. ఆ మేల్కొలుపు పనిని పీఐఆర్ అనే సెన్సారు చేస్తుంది. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ గల తేడాను బట్టి అది మనిషిని పసిగడుతుంది. మన నెల్లూరులో మే నెల మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలకు చేరుతుందని మీకు చెప్పనక్కరలేదు. గాలి వేడీ ఒంటి వేడీ ఒకటైపోయిన ఆ వేళలో ఆ సెన్సారుకు మనిషి సరిగా ఆనడు. చలిదేశాల్లో చక్కగా పనిచేసిందని చదివిన వస్తువు ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు గుడ్డిదయ్యే అవకాశం ఉంది. పైగా లిథియం బ్యాటరీ వేడి నలభై ఐదు డిగ్రీలు దాటితే సాధారణంగా ఛార్జింగు చేయకూడదు. కనుక పలక ఎండలోనే ఉండాలి, కెమెరా మాత్రం చూరు నీడలో ఉండాలి. రెండూ ఒకే ముక్కగా కలిసి వచ్చే రకం కంటే మధ్యలో తీగ ఉండే రకం మనకు నయం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వారం రోజులు ముసురు పట్టి సూర్యుడు కనిపించని రోజులు మన తీరంలో మామూలే. ఎండ లేకుండా ఎన్ని రోజులు నడుస్తుందో దుకాణదారును ఖచ్చితంగా అడగాలి. పలకను దక్షిణానికి తిప్పి, దాదాపు పదిహేను డిగ్రీల వాలుతో బిగించడం మన అక్షాంశానికి తగిన పద్ధతి.

కరెంటు ఉంచగలిగిన ఇంటికి మాత్రం తీగ కెమెరాయే మేలని నా అభిప్రాయం. అది నిద్రపోదు. కెమెరాకు కరెంటునూ సమాచారాన్నీ ఒకే నెట్‌వర్క్ కేబులులో పంపే ఏర్పాటు వంద మీటర్ల దూరం దాకా పనిచేస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక్కచోట చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా రూటరూ కెమెరాలూ కలిసి నడుస్తాయి.

ఇంటర్నెట్టు లేని చోట సిమ్ వేసే 4జీ కెమెరాలు ఉన్నాయి. కొనక ముందే, కెమెరాలో వేయదలచిన కంపెనీ సిమ్ ఉన్న ఫోనును అది బిగించబోయే గోడ దగ్గర పెట్టి, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, అంటే ఊరంతా ఫోన్లు చూసే వేళ, వీడియో ఆడుతుందో లేదో పరీక్షించాలి. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఎడతెగకుండా వీడియో పంపితే గంటకు 900 మెగాబైట్లు, రోజుకు ఇరవై గిగాబైట్లకు పైగా ఖర్చవుతాయి. రోజుకు ఒకటిన్నర, రెండు గిగాబైట్ల ప్యాకు దానికి ఏ మూలకూ చాలదు. అందుకని పూర్తి రికార్డింగు కెమెరాలోని మెమరీ కార్డులో జరగాలి, అలికిడి అయిన చిన్న తునకలు మాత్రమే మన ఫోనుకు రావాలి. అదే లెక్కన 128 గిగాబైట్ల కార్డు ఐదారు రోజులకు నిండి, మళ్లీ మొదటి నుంచి రాసుకుంటుంది. నిరంతరం రాయడానికి తయారుచేసిన కార్డునే కొనాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు మా ఇంటికి రెండు రోజులు సిగ్నలు లేదు. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో ఆ తరువాత కార్డులోనే చూసుకోగలిగాము.

సముద్రం దగ్గర ఇళ్లవాళ్లకు ఉప్పుగాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెట్టెమీద ఐపీ 66 అని ఉంటే దుమ్ము లోపలికి పోదనీ, బలంగా నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందనీ అర్థం. అది తుప్పు గురించి ఇచ్చిన హామీ కాదు. మా మొదటి కెమెరాలోకి నీరు చేరలేదు. కాని మరలు తుప్పుపట్టి, తీగల అతుకు పచ్చగా చిలుమెక్కి రెండో ఏడాదికే ఆగిపోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ ఒళ్లున్న కెమెరాలు, ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడుతున్నాము. అతుకులన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, నీరు తీగ వెంట జారి లోపలికి రాకుండా తీగను డబ్బా కిందికి ఒక వంపు దింపి పైకి తెచ్చాము. లెన్సుమీద తెల్లగా పేరుకొనే ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో కడిగి తుడవాలి.

రొయ్యల గుంటలు, వరిచేలు ఉన్న చోట రాత్రివేళ పురుగులు విపరీతం. పురుగుల కోసం సాలెపురుగు లెన్సు ముందు గూడు కడుతుంది. చీకట్లో చూడడానికి కెమెరా నుంచి వచ్చే పరారుణ కాంతి ఆ దారాలమీద పడితే తెర మొత్తం తెల్లబడి, గాలికి అవి ఊగినప్పుడల్లా ఫోను మోగుతుంది. ఎదురుగా కొబ్బరి మట్ట ఉన్నా అంతే. పదిసార్లు ఉత్తుత్తిగా మోగిన ఫోనును పదకొండోసారి ఎవరూ తీయరు కనుక, మనిషిని వేరుగా గుర్తించగలిగే కెమెరాకు కొంత ఎక్కువ పెట్టడం దండగ కాదు.

పాస్‌వర్డు విషయం క్లుప్తంగా చెబుతాను. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డు మార్చని లక్షలాది కెమెరాలను, రూటర్లను లోబరుచుకుంది. మన దేశంలోనూ 2025 ఏప్రిల్ నుంచి సీసీటీవీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్షలు తప్పనిసరి చేశారు. ఆ ధ్రువీకరణ ఉన్న మోడలునే తీసుకొని, బిగించిన రోజే పాస్‌వర్డు మార్చాలి. పక్కింటివాళ్ల పెరడూ స్నానాల దొడ్డీ మన తెరమీద కనిపించకుండా కెమెరాను తిప్పాలి, తప్పకపోతే సెట్టింగుల్లో ఆ భాగాన్ని మూసివేయాలి.

మా ఇంటి తాళంచెవి ఒకటి ఎదురింటి పెద్దాయన దగ్గర ఉంటుంది. హైదరాబాదులో నా ఫోను మోగినా, నేను అక్కడికి చేరడానికి ఒక రాత్రి పడుతుంది. ఆయనకు రెండు నిమిషాలు చాలు. అందుకని గేటు కెమెరా ఒక్కటి ఆయన ఫోనులోనూ కనిపించే ఏర్పాటు చేశాను. ఒంటరిగా లోపలికి వెళ్లవద్దనీ, ముందు వీధిలైటు వేసి నలుగురిని పిలవమనీ, నాకు ఫోను చేయమనీ ఆయనతో అనుకున్నాము. ప్రతి అక్టోబరులో, వానలు పట్టక ముందు, నేను ఊరికి వెళ్లి ఆయనను మా గేటు ముందు రాత్రిపూట ఒకసారి నిలబడమంటాను. ఆయన ముఖం నా ఫోనులో స్పష్టంగా తెలిసేదాకా కెమెరాను సరిచేసి, అప్పుడే నిచ్చెన దిగుతాను.