పైడిభీమవరం పక్కనే ఉంది, మరి కుర్రాళ్లెందుకు రైలెక్కుతున్నారు?

(శ్రీకాకుళం స్టూడియోలో చర్చ. పాల్గొన్నవారు: రిటైరైన ఐటీఐ మాస్టారు, ఆమదాలవలస వైపు నుంచి ఒక ఫిట్టర్, లావేరు మండలం నుంచి బీఎస్సీ చదివిన అమ్మాయి.)

యాంకర్: విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ నిండా మన కుర్రాళ్లే. ఇటేమో రణస్థలం దాటితే పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలు. తమ్ముడూ, హైదరాబాద్ ఎందుకెళ్లావు?

ఫిట్టర్: గేటు దగ్గరికెళ్తే కాంట్రాక్టర్ని కలవమన్నారు సార్. ఆయనేమో ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నాడు. ఎవరూ పనివ్వకపోతే అదెక్కడి నుంచి వస్తుంది? హెల్పర్‌గా అయితే రమ్మన్నాడు. ఐటీఐ చదివి బస్తాలు మొయ్యాలా? హైదరాబాద్‌లో చేసిందీ సెంట్రింగ్ పనేలెండి, కాకపోతే అక్కడ మనూరోళ్లు చూడరు.

మాస్టారు: నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కంపెనీలోనే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునేవాళ్ల కోసం అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, ఆపైన ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి, కాంట్రాక్టు వాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. 2016లో తెచ్చిన పథకంలో స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్రమే ఇస్తానంది. ఎక్స్‌పీరియన్స్ రావడానికున్న దారే అది, దాన్ని వదిలేసి కుర్రాణ్ణి కాంట్రాక్టర్ దగ్గరికి తోలితే ఎలా?

యాంకర్: పిల్లలకు పనే రాదంటున్నాయి కదా కంపెనీలు?

మాస్టారు: కొంత నిజమే. ఐటీఐలో లేత్ మిషన్ ఒక్కటే ఉంటుంది, బ్యాచ్ మొత్తం చుట్టూ నిలబడి చూస్తారు. సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ చేత్తో పట్టని వాడూ పాసైపోతాడు.

అమ్మాయి: నాకు పని వచ్చండీ, క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను కూడా. బి-షిఫ్ట్ రాత్రి 10కి వదుల్తారు, కంపెనీ బస్సు హైవే మీద దింపేసి పోతుంది, అక్కణ్ణుంచి మా ఊరికి ఆటో ఉండదు, లైట్లుండవు. నాన్న బండేసుకుని వచ్చేవారు, వరికోతలు మొదలయ్యాక ఆయనకీ కుదర్లేదు. మానేశాను. ఇప్పుడేమో ఆడపిల్లలకి ఇంట్రెస్ట్ లేదంటారు, మళ్లీ ట్రైనింగ్ ఇస్తామంటారు. నాకు బస్సు ఊళ్లోకి రావాలి, అంతే.

యాంకర్: (నవ్వుతూ) ఆ మాట కంపెనీల వాళ్లు వినాలమ్మా.

ఫిట్టర్: మాస్టారూ, అప్రెంటిస్‌కి నేనిప్పుడు పెట్టుకోవచ్చా?

మాస్టారు: పెట్టుకో బాబూ, కేంద్రం పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఆధార్‌లో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉన్నాయా?

ఫిట్టర్: ఇంటిపేరు దగ్గర తేడా ఉంది.

మాస్టారు: అయితే ముందు మీ గ్రామ సచివాలయానికెళ్లి అది సరిచేయించుకో. లేకపోతే అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది.