గోధుమరంగు చుక్క

శ్రోతలకు నమస్కారం. చర్మం మీద లేచిన కణితిలోంచి డాక్టరుగారు చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. మేం దాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మగా పోసి, మిల్లీమీటరులో 250వ వంతు మందాన పొరలు కోస్తాం. రంగు వేయకపోతే ఆ పొరలో దాదాపు ఏమీ కనిపించదు. అందుకే ముందు రెండు రంగులు. హెమటాక్సిలిన్‌తో కణాల కేంద్రకాలు ఊదానీలంగా తేలతాయి, ఇయోసిన్‌తో మిగతాదంతా గులాబీ. హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవలోంచి వస్తుంది. ఇన్ని యంత్రాలొచ్చినా ఇంకా ఆ చెట్టునే నమ్ముకున్నామంటే నాకు ముచ్చటేస్తుంది.

చాలా కణితులకు ఈ రెండూ చాలు. కొన్నింటికి చాలవు. మెర్కెల్ కణ క్యాన్సరే తీసుకోండి. ఎక్కువగా పెద్ద వయసువాళ్లకు, ఎండ తగిలేచోట వస్తుంది. నొప్పి ఉండదు, గబగబా పెరుగుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న చిన్న నీలి కణాలు. ఎటు జరిపినా నీలి కణాలే. ఊపిరితిత్తుల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్ చర్మానికి పాకినా ఇలాగే ఉంటుంది. తెల్ల రక్తకణాల్లో పుట్టే లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే. పేరు మారితే వైద్యమే మారిపోతుంది మరి!

అప్పుడు అదే దిమ్మ నుంచి ఇంకొన్ని పొరలు కోసి యాంటీబాడీలు వేస్తాం. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రొటీన్‌ను వెతికి పట్టుకుంటుంది, పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. సీకే 20 అనే ప్రొటీన్ కోసం వేస్తే మెర్కెల్ కణాల్లో కేంద్రకం పక్కనే ఒక చుక్క, పెన్నుతో పెట్టినట్టు. కణం తర్వాత కణం, చుక్క తర్వాత చుక్క. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చినదైతే సాధారణంగా ఆ చుక్క ఉండదు, టీటీఎఫ్ 1 అనే మరో ప్రొటీన్ కోసం వేస్తే రంగు పడుతుంది. అలాగని చుక్కొక్కటే చూసి తేల్చేయం. చుక్క రాని మెర్కెల్ కణితులూ ఉన్నాయి, కాబట్టి నాలుగైదు రంగులు పక్కపక్కన పెట్టుకుని చూస్తాం.

రిపోర్టులో ‘ఐహెచ్‌సీ అవసరం’ అని కనబడగానే చాలామందికి టెన్షన్. ఐహెచ్‌సీ అంటే ఈ యాంటీబాడీల పరీక్షే, అది చెడ్డవార్త కాదు. ప్రమాదం లేని కణితులకూ ఆ మాట రాస్తాం. దిమ్మలో ముక్క మిగిలి ఉంటే మీ చర్మాన్ని మళ్లీ కోయాల్సిన పనీ లేదు. గతంలో మరే క్యాన్సరైనా వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పండి, ఏ రంగులు వేయాలో దాన్నిబట్టే ఉంటుంది. ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్తుంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ల్యాబులో అడిగి స్లైడ్లు, ఆ మైనం దిమ్మ కూడా తీసుకెళ్లండి. దారిలో ఎండ తగలనివ్వకండి, మైనం మెత్తబడిపోతుంది.